మా నాన్న డప్పూ, కలకత్తా జాజూ

మా నాన్న డప్పును కోయించిన హెడ్మాస్టరుగారే మాకు జాజ్ వినిపించారు. తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

కొల్లేటి గట్టున మాది చిన్న పల్లె. నాన్న పొలం కూలీ. కానీ జాతరలో ఆయన డప్పు పట్టుకుంటే చుట్టుపక్కల నాలుగూళ్ళు ఆడేవి. పక్కన కూర్చుని పళ్ళెం మీద ఆ దరువులన్నీ నేనూ నేర్చుకున్నాను. నన్ను ఏలూరులో ఒక మిషన్ బోర్డింగులో చేర్చుకోమని అడిగితే, "అమ్మవారి దగ్గర మోగిన వాద్యం మీ ఇంట్లో ఉండగా కుదరదు" అన్నారు హెడ్మాస్టరుగారు. నాన్న దాన్ని మోసుకొచ్చి, బడి వరండాలో ఆయన ఎదుటే కత్తితో తోలు కోశాడు. నాకు సీటు ఇచ్చారు.

మూడేళ్ళకి, కలకత్తా హోటళ్ళలో వాయించే జాజ్ బృందం ఒకటి మద్రాసు వెళుతూ ఏలూరులో దిగింది. వాళ్ళలో ఒకరు మా బడి నడిపే అమెరికా దొరసానిగారికి తెలుసట. పిల్లలందర్నీ ప్రార్థన హాల్లో చేతులు కట్టించి కూర్చోబెట్టారు. "కదిలారంటే వీపు చీరేస్తాను" అన్నారు హెడ్మాస్టరుగారు. సంగీతం వినిపించే పద్ధతేనా అది?

బాకాలు ఒక్కసారి అందుకునేసరికి చిన్నపిల్లలు జడుసుకున్నారు. నేను మాత్రం డ్రమ్ముల దగ్గరున్న మనిషినే చూస్తున్నాను. ఆయన మా నాన్నంత నలుపు. దెబ్బ పడుతుందనుకున్న చోట వెయ్యకుండా, రవ్వంత ఆగి వేస్తున్నాడు. అరె, నాన్న చేసేదీ ఇదే కదా! ఇక నా చేతులు నా మాట వినలేదు. బెంచీ మీద నాన్న దరువు వేసేశాను. ఆయన తల తిప్పి చూశాడు, నవ్వాడు, నాకు బదులు వేశాడు. నేను మళ్ళీ వేశాను. అంత సంతోషం నేను ఆ బడిలో ఎన్నడూ ఎరగను.

అయ్యాక, ఈ అమ్మాయి ఇది ఎక్కడ నేర్చుకుందని ఆయన ఇంగ్లీషులో అడిగాడు. హెడ్మాస్టరుగారు కోటు సర్దుకుని, మా బడిలోనే నేర్పాం అన్నారు. సొమ్మొకడిది, సోకొకడిదీ అంటే ఇదే! ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వచ్చు.

"కాదండీ," అని లేచాను. "మా నాన్న నేర్పాడండీ. ఆయన డప్పు కోయించింది మీరే కదండీ?"

దొరసానిగారికి తెలుగు బాగా వచ్చు. విన్నారు, మొహం ఎర్రబడింది, అంతే. నేనేమన్నానో ఆ డ్రమ్ముల ఆయనకి ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ళు రైలెక్కి వెళ్ళిపోయారు.

రెండ్రోజులకి నాన్నను పిలిపించారు. మోకాళ్ళ దాకా బురదతో నడిచొచ్చాడు.

"నీ కూతురి నోటికి అడ్డూ ఆపూ లేదు. క్షమాపణ చెబుతుందా, పెట్టె సర్దుకోమంటావా?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"తప్పయిపోయిందండీ. చిన్నపిల్లండీ, ఏదో వాగిందండీ. చదువు మాత్రం ఆపకండీ బాబూ," అని నాన్న చేతులు జోడించాడు. నాలుగూళ్ళని ఆడించిన చేతులవి! తరవాత నావైపు తిరిగాడు. "చెప్పమ్మా. నాన్న నేర్పలేదని చెప్పు."

చెప్పాను. "మా నాన్న నేర్పలేదండీ. బడిలోనే నేర్చుకున్నానండీ."

హెడ్మాస్టరుగారు శాంతించారు. ఆ చదువుతోనే నేను టీచర్నయ్యాను, తాడేపల్లిగూడెంలో ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాను. నాన్న పోయేదాకా మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాను. ఆ రోజు నా చేత అబద్ధం చెప్పించారు. నాకు దరువు నేర్పింది మా నాన్నే.