క్లచ్ మీద ఎడమ కాలు

మా కారు క్లచ్ ఏడాది తిరగకముందే రెండోసారి పోయింది. మొదటిసారి పోయినప్పుడు తప్పెవరిదో తేల్చడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. మా ఆవిడది. నేను మీసాలు రాకముందు నుంచీ ట్రాక్టర్ నడిపినవాణ్ని. ఆమె సూర్యాపేటలో ఒక డ్రైవింగ్ స్కూల్లో నెల రోజులు నేర్చుకున్నది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనుకున్నాను.

ఆమె కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. సూర్యాపేటలో మా ఇల్లు, ఇంటి కింద నా బట్టల దుకాణం. వారంలో ఆరు రోజులు పొద్దున్నే కారు తీసుకుని మునగాల మీదుగా కోదాడ వెళ్లి సాయంత్రానికి ఇంటికి వస్తుంది. సాయంత్రాలూ ఆదివారాలూ కారు నాది. కారు కొనకముందు ఎనిమిదేళ్లు ఆమె బస్సులోనే తిరిగింది. నిలబడి వెళ్లి, నాలుగు గంటలు నిలబడి పాఠం చెప్పి, మళ్లీ నిలబడి వచ్చేది. కారు చేతికొచ్చాక ఆమె మొహం కళే మారిపోయింది. పొద్దున అరగంట ఎక్కువ పడుకునేది. మునగాల దాటాక అద్దం దించితే రెండు వైపులా వరి మీద నుంచి వచ్చే గాలి గురించి నాకు రోజూ చెప్పేది, నేనెప్పుడూ ఆ రోడ్డు చూడనట్టు.

ఆమెకు ఒక అలవాటు. చెప్పులు విప్పి నడుపుతుంది. కారు కొన్న రోజు పూజ చేయించి స్టీరింగుకూ పెడళ్లకూ పసుపు కుంకుమలు పెట్టారు. వాటిని చెప్పు కాలితో తొక్కడానికి ఆమెకు మనసొప్పలేదు. బొట్టు చెరిగిపోయింది గానీ అలవాటు పోలేదు. చెప్పులు విప్పి పక్క సీటు కింద పెట్టి, దండం పెట్టుకుని బండి తీస్తుంది. నేను మందపాటి తోలు చెప్పులతో నడుపుతాను. "గుళ్లెకు పోతున్నవా, కోదాడకు పోతున్నవా" అని ఆమెను ఏడిపించేవాణ్ని. ఆమె పట్టించుకునేది కాదు.

మొదటిసారి క్లచ్ పోయినప్పుడు కోదాడలోనే ఒక మెకానిక్ ప్లేటూ బేరింగూ అన్నీ కొత్తవి వేశాడు. నేను బస్సెక్కి వెళ్లాను. అతను చేతులు తుడుచుకుంటూ, "మేడం గారు పెడల్ సగం తొక్కిపెట్టి, హాఫ్ క్లచ్ మీద నడుపుతున్నారండీ. ఆడవాళ్లకి మామూలేనండీ ఇది" అన్నాడు. ఆ కారు నేను కూడా నడుపుతానని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ మాట నాకు ఎంత ఇంపుగా ఉందో దాచుకోను. దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాను.

కొన్ని నెలలకు, ఒక సాయంత్రం ఆమె ఇంట్లోకి వస్తూనే, "క్లచ్ పట్టుకునే చోటు పైకొచ్చింది. మొన్నటిదాంక సగం కాలు లేపితే బండి కదిలేది. ఇప్పుడు మొత్తం లేపితేగాని కదుల్తలేదు" అన్నది.

"నీకు గట్లనే అనిపిస్తది" అన్నాను, చీర మడత పెడుతూ.

వారం తర్వాత మళ్లీ చెప్పింది. పెడల్ తొక్కగానే లోపల సన్నగా గరగరమంటున్నదట, వదిలితే పోతున్నదట. నేను రేడియో పెట్టుకొమ్మన్నాను. అరికాలికి కూడా తెలుస్తున్నది అన్నది. అరికాలితో ఇంజన్ సంగతి తెలుసుకునే మనిషిని నేనెక్కడా చూడలేదని వెక్కిరించాను. ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే ఒళ్లు మండుతున్నది.

తర్వాతి ఆదివారం నేను నడుపుతుండగా అసలు సంగతి బయటపడింది. హైవే మీద వంతెన ఎక్కుతున్నాను. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తున్నది గానీ బండికి వేగం రాదు. మాడు వాసన. నా పక్క నుంచి ఒక ఆటో దాటిపోయింది. అందులో వెనక కూర్చున్న ముసలమ్మ నా వైపు చూసిన చూపులో జాలి తప్ప ఇంకేమీ లేదు. ఆ జాలికి నాకు కోపం నషాళానికి అంటింది.

ఇంటికొచ్చి, "మళ్ల తిన్నవ్ కదా క్లచ్‌ని" అన్నాను.

"ఇయ్యాల నడిపింది మీరు."

"పాడు చేసింది నువ్వు. ఒకసారంటే అనుకుంటం. ఇగ చాలు. బాగు చేపిస్త, కానీ తాళాలు నా దగ్గరనే ఉంటయి. నువ్వు బస్సుల పో."

ఆమె ఏడవలేదు, అరవలేదు. లెక్క తప్పు చేసిన విద్యార్థిని చూసినట్టు నన్ను కాసేపు చూసింది. "ఎవరివల్ల పోయిందో మెకానిక్ తేల్చాలె. కోదాడతను వద్దు. మెకానిక్‌ను మీరే సూడుండ్రి, మీకు నమ్మకం ఉన్నోళ్లను. నావల్ల అని తేలితే తాళాలు నేనే తెచ్చి మీ చేతుల పెడ్త. మీవల్ల అని తేలితే?"

నేను నవ్వాను. ఆమె నా నవ్వు అయిపోయేదాకా ఆగి, "తేలితే?" అని మళ్లీ అడిగింది.

"తేలితే ఇగ నీ డ్రైవింగ్ గురించి ఈ జన్మల మాట్లాడ" అన్నాను.

మెకానిక్‌ను వెతకడానికి నేను పెద్దగా ఆలోచించలేదు. మాది నిడమనూరు దగ్గర పల్లె. మా నాయిన ట్రాక్టర్‌కు ఏం జబ్బు చేసినా మిర్యాలగూడ తీసుకుపోయేవాళ్లం. అక్కడ ఒక మెకానిక్ ఉండేవాడు, ఇప్పటికీ ఉన్నాడు, ఇప్పుడు కార్లు కూడా చేస్తున్నాడు. చిన్నప్పటి నుంచి నన్ను ఎరిగినవాడు. మన మనిషి కదా, మన మాటే చెబుతాడు అని లోపల్లోపల ధీమా.

పై ఆదివారం పొద్దున బయలుదేరాం. ఆమే నడిపింది. జారుతున్న క్లచ్‌తో అంత దూరం ఎలా పోతామని నేను భయపడ్డాను గానీ, ఆమె యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కకుండా, ఎత్తు వస్తే ముందే చిన్న గేర్‌లోకి మార్చుకుంటూ, ఒక్కసారి కూడా మాడు వాసన రాకుండా మిర్యాలగూడ చేర్చింది. బాగా నడిపావని నోటి దాకా వచ్చింది. మింగేశాను.

రైస్ మిల్లుల పక్క సందులో అతని షెడ్డు. గాలి నిండా తవుడు వాసన. అతనిది ఒక పద్ధతి, మొదటి గంట పానా ముట్టుకోడు. స్టూలు మీద కూర్చుని అడుగుతూ ఉంటాడు. నేను మొదలుపెట్టబోయాను. "నువ్వు ఆగు తమ్మీ. రోజు నడిపేదెవరు?" అన్నాడు. ఆమె వైపు తిరిగి, "చెప్పు చెల్లె" అన్నాడు.

ఆమె అన్నీ వరసగా చెప్పింది. క్లచ్ పట్టుకునే చోటు ఎప్పటి నుంచి పైకి వచ్చిందో, గరగర ఎప్పుడు వస్తుందో ఎప్పుడు ఆగుతుందో, మునగాల దగ్గర ఏ ఎత్తులో ఇంజన్ ఊరికే అరుస్తుందో. అతను తలాడిస్తూ విన్నాడు. చివరికి, "మంచిగ పట్టినవ్ చెల్లె. గింత సాఫ్‌గ చెప్పేటోళ్లు నా దగ్గరికి రారు" అన్నాడు. నేను షెడ్డు పైకప్పు చూశాను.

అప్పుడు లేచాడు. వంగి క్లచ్ పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కాడు. మొదట కొంచెం వదులుగా పోయి ఆ తర్వాత గట్టి పడాలట. మాది మొదటి నుంచే గట్టిగా ఉంది, వదులే లేదు. కారులో కూర్చుని హ్యాండ్ బ్రేక్ లాగి, మూడో గేర్ వేసి, క్లచ్ వదిలాడు. మంచి క్లచ్ అయితే ఇంజన్ అక్కడికక్కడే గుటుక్కుమని ఆగిపోవాలి. మా ఇంజన్ హాయిగా తిరుగుతూనే ఉంది.

"జారుతున్నది. ఎందుకు జారుతున్నదో దించితె తెలుస్తది" అన్నాడు.

మధ్యాహ్నానికి గేర్‌బాక్స్ దించాడు. ప్లేటు రివెట్ల దాకా అరిగి, వేడికి నల్లబడి ఉంది. దాన్ని పక్కన పెట్టేశాడు. పెడల్ తొక్కినప్పుడు ముందుకొచ్చి క్లచ్‌ను విడదీసే బేరింగ్ ఒకటుంటుంది, దాన్ని వేళ్ల మధ్య పెట్టి తిప్పి మా చెవుల దగ్గర పెట్టాడు. గరగర.

"ప్లేట్ అరగనీకె నూరు కారణాలుంటయి. సంవత్సరం కాకముందె గీ బేరింగ్ గిట్ల ఎండిందంటే మాత్రం ఒకటే. బండి ఉరుకుతున్నంత సేపు ఎవరో క్లచ్ మీద కాలు పెట్టుకొని కూసుంటున్నరు. తొక్కుతలేరు, ఊరికె ఆనిచ్చి పెడుతున్నరు. ఆ జర బరువుకే బేరింగ్ తిరుగుతనే ఉంటది, ప్లేట్ పట్టు వదుల్తనే ఉంటది."

నేను గెలిచినట్టు ఆమె వైపు చూశాను.

"నేను పెట్ట" అన్నది ఆమె.

"నీకు తెల్వకుంట పెడ్తవ్" అన్నాను. ఆ మాట నేనే అన్నాను, నా నోటితోనే.

కొత్త సామాను వేసి, పెడల్‌లో ఉండాల్సిన వదులు పెట్టేసరికి పొద్దు వాలింది. "ఇగ ఒక్కొక్కలు నడపుండ్రి, నేను పక్కన కూసుంట" అన్నాడు. ముందు ఆమె నడిపింది. పావుగంటకు తిరిగొచ్చారు. అతని మొహం చూసి ఏమీ తెలుసుకోలేకపోయాను. ఆమె చాయ్ తెచ్చుకోవడానికి వెళ్లింది. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

"చెప్పులిడువు" అన్నాడు.

"ఎందుకన్నా?"

"కొత్త క్లచ్. కాలుకు తెల్వాలె."

విప్పాను. ఊరి బయట కాలువ గట్టు వెంట రోడ్డు ఖాళీగా ఉంది. బురదలో ట్రాక్టర్ నడిపిన రోజుల తర్వాత వట్టి కాళ్లతో బండి నడపడం అదే మొదటిసారి. అతను మా నాయిన ముచ్చట ఎత్తాడు. దమ్ము చేసేటప్పుడు ఇనుప చక్రాలు మడిలో దిగబడి, ట్రాక్టర్ ముందు భాగం గుర్రంలా ఎలా లేచేదో, మా నాయిన భయపడకుండా ఎలా దించేవాడో చెబుతున్నాడు. నేను హాయిగా నవ్వుతున్నాను. నాలుగో గేర్‌లో బండి మెత్తగా పోతున్నది. అప్పుడు ఎడమ అరికాలిలో సన్నటి వణుకు తెలిసింది.

కిందికి చూశాను. నా కాలు క్లచ్ పెడల్ మీద ఉంది.

తీసి పక్కన పెట్టాను. ఇంకో రెండు నిమిషాలు మాట్లాడుకున్నాం. మళ్లీ వణుకు. మళ్లీ అక్కడే ఉంది. నేను పెట్టలేదు, నిజంగా నేను పెట్టలేదు, కానీ కాలు నాదే.

నాకు పదహారేళ్లప్పుడు మా నాయిన ట్రాక్టర్ సీటు పక్కన నిలబడి చెప్పిన మాట అప్పుడు చెవిలో వినబడింది. "క్లచ్ మీదికెల్లి కాలు తియ్యకు బిడ్డా. ముందట లేసిందంటే తొక్కెటందుకు టైం ఉండది." ఆ మడిలో అది ప్రాణం నిలిపే మాట. ట్రాక్టర్ వెనక్కి తిరగబడితే నడిపేవాడు దాని కిందే ఉంటాడు. ముప్పై ఏళ్లుగా నా కాలు ఆ మాటను తప్పకుండా పాటిస్తున్నది, లేవడానికి ఏమీ లేని తారు రోడ్ల మీద కూడా. నవ్వొచ్చింది, మా నాయిన గుర్తొచ్చి కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"ఈ సుట్టుపక్కల దమ్ము చేసినోళ్లందరిది గదే కాలు" అన్నాడు అతను, కాలువ వైపు చూస్తూ.

"నీకు ఎప్పుడు తెలిసిందన్నా?"

"నువ్వు కూసోంగనె."

"ఆమెకు చెప్తవా?"

"క్లచ్ ఏసుడు నా పని తమ్మీ. చెప్పుడు నీ పని."

షెడ్డుకు తిరిగి రావడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాల్లో నా బుర్రలోకి వచ్చిన అబద్ధాలకు లెక్క లేదు. కోదాడ అతను వేసిన బేరింగే నాసిరకం అనొచ్చు. ఎవరిదీ తప్పు కాదట అనొచ్చు. రంగు పోదమ్మా అని రోజుకు యాభైసార్లు చెప్పే వ్యాపారం నాది, నాకు మాటలకు కరువా. నీదే తప్పట అని చెప్పినా ఆమె నమ్ముతుంది. తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి, సోమవారం పొద్దున బస్టాండుకు నడిచి పోతుంది. ఆమె మాట తప్పే మనిషి కాదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది.

ఆమె షెడ్డు ముందు చాయ్ గ్లాసుతో నిలబడి ఉంది. నేను దిగుతుంటే నా మొహం చూసింది. చెప్పులు కారులోనే మరిచిపోయి, వట్టి కాళ్లతో మట్టిలో ఆమె దగ్గరికి నడిచాను. తాళాలున్న చెయ్యి చాచాను.

"తప్పు నీది కాదు. నా కాలుది" అన్నాను. ట్రాక్టర్ సంగతి, మా నాయిన సంగతి, అరికాలి సంగతి అన్నీ గడగడా చెప్పేశాను.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. చాయ్ ఒలికి చీర మీద పడుతున్నా ఆగలేదు. మెకానిక్ నవ్వాడు, నేనూ నవ్వాను. అంత మంచి నవ్వు మా ఇద్దరి మధ్యకు వచ్చి చాలా రోజులైంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, తాళాలు ఇంకా తీసుకోకుండానే, నా వైపు నిదానంగా చూసింది.

"ఇన్ని దినాలు నీ కాలు అనలే మీరు. నువ్వు, నువ్వు అన్నరు. మీ వంతు వచ్చేసరికి కాలు అయిందా?"

నాకు నవ్వు ఆగిపోయింది. ఆమె గొంతులో కోపం లేదు. బస్సులో నిలబడిన ఎనిమిదేళ్లు, దుకాణంలో అందరికీ నేను చెప్పుకున్న కబుర్లు, అన్నీ ఆమెకు గుర్తున్నాయని మాత్రం అర్థమైంది.

"నేను" అన్నాను. "రెండుసార్లూ పాడు చేసింది నేనే."

ఆమె తాళాలు తీసుకుంది.

"ఇంకొక్కసారి అనుండ్రి" అన్నది.

అన్నాను.