నేను టాప్ అన్న పొట్టేలు

పదవీ విరమణకు ఆరేళ్ళ ముందు, జూన్ నెలలో, నన్ను బొంరాస్‌పేట పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. హోదా పేరు పొడుగే కానీ అర్థం చిన్నది: మండలంలో ఏ గొడ్డుకు జబ్బు చేసినా జవాబు చెప్పుకోవలసిన డాక్టరు. వికారాబాద్‌లో ఇల్లు, రోజూ బస్సులో రాకపోకలు.

చేరిన రెండో వారంలోనే నట్టల మందు క్యాంపు పెట్టాం. గొర్రెల కడుపులో పురుగులు చావడానికి వానలకు ముందు తాగించే మందు అది. ఆ వరుసలో మల్లవ్వ వచ్చింది. యాభై ఐదేళ్ళుంటాయి. భర్త పోయి నెల కూడా కాలేదు. ఉమ్మడి మందను అమ్మేద్దామని ఇద్దరు మరుదులూ పోరుతుంటే, వద్దని తనే కర్ర పట్టుకుని మేపుతోంది. ఆమె పక్కనే ఒక నల్ల పొట్టేలు తాడు లేకుండా నడిచి వస్తోంది. తల్లి చచ్చిపోతే సీసా పాలు పట్టి పెంచిందట.

“ఎట్లున్నడు డాక్టరమ్మా, మా నల్లోడు? మందకు వీణ్నే ఉంచుకుందామనుకుంటున్న. పనికొస్తడా?” అని అడిగింది.

నేను దాని వీపు మీద తట్టి, “టాప్ మల్లవ్వా! ఏ-వన్ పొట్టేలు, నంబర్ వన్!” అన్నాను. ఆమె మొహం వెలిగింది. నాకూ సంతోషమైంది.

ఆ ఇంగ్లీషు ముక్కలు నా నోటికి అలవాటు. మా శాఖ కాగితాల్లో మాత్రం అవి ఉండవు. అక్కడ బరువు, ఛాతీ కొలత, పళ్ళు, దవడ, కాళ్ళు, గిట్టలు విడివిడిగా చూసి మార్కులు వేసిన తర్వాతే ‘సంతతికి తగినది’ అని రాయాలి. నేను చూసింది వీపు ఒక్కటే. పోనీ, అదైనా సరిగ్గా చూశానా!

మల్లవ్వ దాన్ని తీర్పుగానే తీసుకుంది. మిగిలిన రెండు పొట్టేళ్ళనూ వదిలించుకుంది. చలికాలంలో పిల్లలు పుట్టాయి. పాలు తాగినన్నాళ్ళు బాగానే ఉన్నాయి, ఎండలు ముదిరేసరికి చిక్కిపోసాగాయి. “పొద్దంత మేస్తనే ఉంటయి, కడుపు మాత్రం నిండుతలేదు” అని రెండుసార్లు వచ్చి చెప్పింది. నేను రెండుసార్లూ నట్టల మందే రాసిచ్చాను. ఊళ్ళో ఎవరైనా వంక పెడితే “మా పొట్టేలు టాప్, డాక్టరమ్మనే చెప్పింది” అని దబాయిస్తోందని మా అటెండరు చెబితే నవ్వాను కూడా.

వానలు తగ్గాక తాండూరులో గొర్రెల ప్రదర్శన పెట్టారు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నేనొకదాన్ని. మల్లవ్వ నల్లోణ్ణి కడిగి, దువ్వి, ఆటోలో ఎక్కించుకుని వచ్చింది. వెనకాలే మరుదులూ వచ్చారు. బహుమతి వస్తే మంద ఆమె చేతిలోనే ఉంటుంది, రాకపోతే అమ్మకానికి ఒప్పుకోవాలి. ఇంట్లో అలా మాటైందని ఆమే నాకు చెప్పింది.

గొర్రెకు పైన ముందు పళ్ళుండవు, గట్టి చిగుళ్ళే ఉంటాయి. కింది పళ్ళు వాటికి సరిగ్గా ఆనితేనే గడ్డి తెగుతుంది. మార్కులు వేసే ఫారంలో దవడ గడి దగ్గరకు వచ్చి నేను నల్లోడి పెదవి ఎత్తాను. కింది దవడ పొట్టిది. పళ్ళు చిగుళ్ళను అందుకోకుండా వెనకే ఆగిపోయాయి. పుట్టుకతో వచ్చే లోపం, పిల్లలకూ దిగుతుంది. మల్లవ్వ నానబెట్టిన మక్కలు, కంది పొట్టు చేత్తో తినిపించేది కనుక నల్లోడికి ఏ లోటూ తెలియలేదు. బీడులో పొట్టి గడ్డి కొరకాల్సిన పిల్లలే మాడిపోయాయి.

నిబంధన ప్రకారం ‘అనర్హం’ అని రాసి, సంతకం పెట్టి ముందుకు పోవచ్చు. తోటి న్యాయనిర్ణేతలు కూడా అంతే చాలన్నారు. అప్పటికే పెద్ద మరిది “చెప్తె ఇనదు. ఆడామెకు మంద సంగతి ఏం తెలుస్తది?” అంటున్నాడు.

నేను మరుదులిద్దర్నీ దగ్గరకు పిలిచి, వాళ్ళ ముందే పొట్టేలు పెదవి ఎత్తి చూపించాను. “తప్పు నీది కాదు మల్లవ్వా. అడగాల్సిన మనిషినే అడిగావు. నేనే దాని నోరు తెరిచి చూడకుండా టాప్ అన్నాను. పిల్లలు చిక్కిపోతున్నాయని చెప్పినప్పుడు కూడా చూడలేదు” అన్నాను. ఏడుపొచ్చింది. జడ్జి బ్యాడ్జి పెట్టుకుని ఈ ఏడుపేమిటని సిగ్గూ వేసింది.

మల్లవ్వ వంగి పొట్టేలు నోట్లోకి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

“గప్పుడు నువ్వు పొట్టేలును సూడలే బిడ్డా, నా మొకం సూసినవ్. మొగడు పోయిన మనిషి, జర సంతోషపడనీ అని గా మాటన్నవ్. నాకెర్క లేదా?” అంది.

పెద్ద మరిది కాసేపు గొణుక్కున్నాడు. చివరికి “డాక్టరే తన తప్పంటుంటే ఇగ మేమేమంటం? ఇంకో ఏడు సూద్దాం తియ్” అన్నాడు. మంద నిలబడింది.

మరుసటి వారం వాళ్ళ మందలో ప్రతి పిల్ల నోరూ తెరిచి చూశాను. దవడ పొట్టివాటిని వేరు చేసి, గడ్డి కోసి వేయించాం. నల్లోణ్ణి మల్లవ్వ జత కట్టనివ్వకుండా విడిగా ఉంచుకుంది కానీ అమ్మనంది.

పక్కనున్న దోమ మండలం వైపు నుంచి కొత్త పొట్టేలును తెచ్చినప్పుడు నేరుగా ఆసుపత్రికే తోలుకొచ్చింది. నేను నోటి నుంచి గిట్టల దాకా చూసి, కొలతలు రాసి, “బాగుంది” అన్నాను. ఇంకేమైనా అంటానేమోనని కాసేపు నిలబడింది. నేనేమీ అనలేదు. “బాగుంటే సాలు తియ్” అని తోలుకుపోయింది.

గొర్రెల కాపరి మన ఫారం చదవడు. మన నోటి మాటను ఇంటికి తీసుకెళ్ళి, ఏడాది పొడుగునా దాని మీద మందను నడుపుతాడు. ఓదార్చాలనిపిస్తే మనిషిని కూర్చోబెట్టి ఓదార్చాలి, పొట్టేలును పొగిడి కాదు. ఇది నాకు తెలియడానికి ఒక మంద పిల్లలు ఒక ఎండాకాలమంతా అర్ధాకలితో ఉన్నాయి.