స్లేటు కథ నాది కాదు

ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకుని తిరుగుతున్న విషయం ఒకటుంది. అరగదు. బయటికీ రాదు. ఇవాళ మీతో చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియదు. ఈ పుస్తకాన్ని ఎప్పుడో ఫోన్‌లో కొనుక్కుని, చదివి, కళ్లు తుడుచుకుని, తెలిసినవాళ్లకు కూడా చదవమని చెప్పిన మనిషి అయ్యుంటారు. మళ్లీ ఓసారి చదువుకుందామని తెరిస్తే కథ ఉండాల్సిన చోట ఇది కనిపిస్తోంది. కంగారు పడకండి, మీ ఫోన్ బాగానే ఉంది. బాగాలేనిది నేను.

అట్ట మీద ఇన్నాళ్లూ ఉన్న ఆ ఆడపేరు నేను పెట్టుకున్నదే. నేను మగవాణ్ణి. శ్రీనగర్ కాలనీలో ఉంటాను, వయసు యాభై దాటింది. ఆడపేరు ఎందుకు పెట్టుకున్నానంటే, ఒంటరి ఆడమనిషి కథ ఇంకో ఆడమనిషి రాసిందంటే జనం నమ్ముతారని. చూశారా, ఎంత ముందుచూపో! పొరపాటున చేసిన పని కాదని మీకు తెలియాలనే ఈ ముక్క ముందు రాశాను.

నా ఉద్యోగం కథలు వినడం. జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా నిర్మాణ సంస్థలో కథల విభాగం అని ఓ గది ఉంది. దానికి నేనే పెద్ద. మా దగ్గర కథ కాగితం మీద నడవదు. ఎవరైనా సరే వచ్చి, ఎదురుగా కూర్చుని, నోటితో చెప్పాలి. తలుపు చప్పుడు, వాన చప్పుడు, ఇంటర్వెల్ దగ్గర మోగే సంగీతం, అన్నీ నోటితోనే. మేం టీ తాగుతూ వింటాం. అంతా అయ్యాక ‘చెప్తామండీ’ అంటాం. ఆ మాటకు అర్థం ‘పోరా’ అని ఫిల్మ్‌నగర్‌లో టీకొట్టువాడికి కూడా తెలుసు. అయినా పాపం ఫోన్ వస్తుందేమో అని ఎదురుచూస్తారు. నేనూ ఒకప్పుడు భీమవరం నుంచి వచ్చి అలా ఎదురుచూసినవాణ్ణే. చెప్పి చెప్పి, ఎవరూ తీసుకోక, చివరికి వినే కుర్చీలో తేలాను.

స్వరూప ఆ గదికి వచ్చినప్పుడు ఓ సినిమాకి అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేస్తోంది. షేక్‌పేట అమ్మాయి. కుర్చీ వద్దని నిలబడే కథ చెప్పింది.

షేక్‌పేట ఫ్లైఓవర్‌ని ఆనుకున్నట్టే వాళ్ల మేనత్త ఇల్లు. పై అంతస్తు కిటికీకి సరిగ్గా ఎదురుగా కార్లు ఆగుతాయి. అత్త ఒక్కతే ఉంటుంది. ఓ రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న క్యాబ్ డ్రైవర్ ఒకడు కిటికీలో ఆమెను చూసి, ఏం వండావని సైగ చేశాడట. ఆమె ఇంట్లో ఉన్న పాత స్లేటు తీసి ‘పచ్చిపులుసు’ అని రాసి చూపించింది. అతను చేతులెత్తి దండం పెట్టాడు. మర్నాటి నుంచి రోజూ ఆ రోజు కూర పేరు రాసి స్లేటు కిటికీకి వేలాడదీసేది. ఆఫీసులకు పోయేవాళ్లంతా చదవడం మొదలుపెట్టారు. పేరు తెలియని మనిషి ఇంట్లో ఇవాళ బీరకాయ అని తెలుసుకుని, ఎందుకో కాస్త తేలికపడి వెళ్లిపోయేవాళ్లు. ఒక రోజు స్లేటు ఖాళీ. మర్నాడూ ఖాళీయే. అప్పుడు ట్రాఫిక్ ఏమీ లేకుండానే ఫ్లైఓవర్ మీద ఒక్కొక్క కారే ఆగింది. వెనక్కి తిప్పుకుని వచ్చి, కిందికి దిగి, ఆమె తలుపు కొట్టారు. లోపల అత్త స్నానాలగదిలో జారిపడి ఉంది. బతికించుకున్నారు.

అంతవరకు నిజంగా జరిగిందే. ఆ తలుపు కొట్టినవాళ్ల జీవితాలు, ఒకరితో ఒకరికి పడిన ముడులు, అవన్నీ స్వరూప అల్లింది. ఆమె చెబుతుంటే నా టీ చల్లారిపోయింది. నాకు ఏడుపొచ్చింది. బయటపడలేదు. ఎందుకు పడలేదు? ఇన్నేళ్లు ప్రయత్నించి నేను రాయలేనిది ఈ పిల్ల నిలబడి చెప్పేస్తోందే అని ఒళ్లు మండింది. అదీ అసలు సంగతి.

‘ముసలావిడ కథమ్మా, ఇందులో హీరో ఎక్కడ?’ అన్నాను. అయినా బాగుందన్నాను, మార్పులు చేసుకుని రమ్మన్నాను. కథ తనదేనని రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించనా అని అడిగింది. ‘ఇప్పుడే ఎందుకు, ఇంకా చాలా మారుతుంది, అంతా అయ్యాక చేయిద్దువుగాని’ అన్నాను.

ఆ సలహా నేను మంచికే ఇచ్చానా? ఆ రోజుకి దొంగబుద్ధి నాలో ఇంకా పుట్టలేదని ఎన్నో రాత్రులు నాకు నేనే వాదించుకున్నాను. ఒక్కోసారి నెగ్గుతాను కూడా. కానీ ఆమె వెళ్లగానే తలుపు వేసుకుని, విన్న కథ మరిచిపోకుండా అంతా ఫోన్‌లో చెప్పుకుని రికార్డు చేసుకున్నానే, అది ఎందుకు? ఆఫీసు పనికని అనుకున్నాను. అంతకుముందు ఏ కథకైనా అలా చేశానా? లేదు.

ఇక ఈబుక్కుల సంగతి. నా నవలల్ని ప్రచురణకర్తలు తిప్పి పంపేవారు. కొన్నాళ్లకు తిప్పి పంపడం కూడా మానేశారు. అలాంటి రోజుల్లో ఒక స్నేహితుడు చెప్పాడు, ఇప్పుడు ఎవరినీ బతిమాలక్కర్లేదు, నీ పుస్తకం నువ్వే వేసుకోవచ్చని. నిజమే. మనమే రాసి, మనమే అట్ట తయారుచేసి, ఇంట్లో లుంగీ కట్టుకుని కూర్చునే రచయితలమైపోవచ్చు. ఎంత సంబరపడ్డానో! నాతో ‘చెప్తామండీ’ అనేవాడు ఇక లేడు. కాదనేవాడు లేనిచోట ‘ఇది నీదేనా?’ అని కళ్లలోకి చూసి అడిగేవాడూ ఉండడని నాకు తర్వాత అర్థమైంది. పుస్తకం ఎక్కించేటప్పుడు ఒక గడి మాత్రం ఉంటుంది. ఈ రచన మీద హక్కులు మీవేనా, అని. టిక్కు పెట్టాలి. నా మొదటి నవలకు ఆ ప్రశ్న నిదానంగా చదివి, గర్వంగా పెట్టాను. ఆ నవల మా బావమరిది కొన్నాడు. చదవలేదు.

తర్వాతిదీ అంతే. ఆ తర్వాతిదీ అంతే. మూడోది ఎవరూ చదవలేదని తేలిన సాయంత్రం, ఊరికే చెయ్యి తిరగడానికని, స్వరూప కథ రాయడం మొదలుపెట్టాను. ఊరికేనట! ఛీ. రాస్తుంటే ఎంత సులువుగా సాగిందో. నాది కాదు కదా, సాగదా మరి. షేక్‌పేట తీసేసి ఊరి పేరు లేకుండా చేశాను. అత్త మాటలన్నీ మా గోదావరి యాసలోకి మార్చాను. పచ్చిపులుసు కొట్టేసి ముక్కల పులుసు పెట్టాను. ఒకరింటి గిన్నె ఎత్తుకొచ్చి, పోపు మార్చి, నా వంటేనని వడ్డించాను. స్లేటు ఒక్కటీ మార్చలేకపోయాను. అది తీస్తే కథే లేదు. ఆడపేరు పెట్టాను. గడిలో టిక్కు పెట్టాను. ఈసారి ప్రశ్న చదవలేదు.

అది మీకు నచ్చింది. మీలో ఎంతమందికో నచ్చింది. ‘మీ వంటింటి వాసన తగిలింది అక్కా’ అని ఒకమ్మాయి రాసింది. నేను ‘చాలా సంతోషం చెల్లీ’ అని జవాబిచ్చాను. మీసాలు పెట్టుకుని, మా ఆవిడ పెట్టిన ఉప్మా తింటూ. దొంగతనం కంటే ఆ ‘చెల్లీ’ అనే మాటే నాకు ఎక్కువ రోత.

కొన్నాళ్లకు స్వరూప కథను ఫిల్మ్‌నగర్‌లో ఇంకో ఆఫీసు ఒప్పుకుంది. దర్శకత్వం కూడా ఆమెకే ఇచ్చారు. కొబ్బరికాయ కొట్టే రోజు కూడా అనుకున్నారు. అప్పుడు ఆ ఆఫీసులో ఎవరో ఫోన్ తీసి, ఇది ఫలానా ఈబుక్కే కదా అని చూపించారు. కేసులు మాకెందుకమ్మా అని ఆమెను పంపించేశారు. అంతటితో పోలేదు. అసిస్టెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆమె ఫోటో పెట్టి, ఈ అమ్మాయికి కథలెత్తే అలవాటుంది, జాగ్రత్త అని తిప్పారు. నాకూ వచ్చింది. ఎవరో అమాయకుడు నాకే పంపాడు.

ఆమె నా గదికి వచ్చింది. ఈసారి కూర్చుంది. పుస్తకం రాసిన ‘ఆవిడ’ నేనేనని ఆమెకు తెలియదు.

“సార్, గా బుక్కు రాకముందే మీకు చెప్పిన గద కథ. జర ఒక్క మాట వాళ్లకు ఫోన్ చేసి చెప్పుండ్రి. స్వరూప ముందే నాకు చెప్పింది అని. గంతే సార్.”

“ఏ కథమ్మా?” అన్నాను.

“స్లేటు కథ సార్. మా అత్తది. మీరు టీ తాగకుండ విన్నరు.”

టీ తాగకుండా విన్నానని ఆమె గమనించింది! బల్ల కింద చేతులు పెట్టుకున్నాను.

“గుర్తు రావట్లేదమ్మా. రోజూ ఎంతమంది వస్తారో నీకు తెలుసు కదా.”

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“గంతేలే సార్. రోజుకు ఎన్ని కథలు వింటరో పాపం, మీకెట్ల యాదికుంటది? నాదే తప్పు. రిజిస్టర్ చేపిచ్చుకోవాల్సింది.”

నన్ను సమాధానపరిచి వెళ్లింది. నన్ను! ఆమె వెళ్లాక మెట్ల దాకా వెళ్లి పిలుద్దామనుకుని లేచాను. లేచి ఏం చేశానో తెలుసా? ఇంకో టీ చెప్పాను.

ఆ తర్వాత నేను బాగానే బతికాను. అదే నాకు మరీ అసహ్యం. తిండి మానలేదు, నిద్ర పోలేదని కూడా అబద్ధం చెప్పను. పుస్తకాన్ని తీసేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఒక్క నొక్కుతో మాయమవుతుంది. కానీ అది మాయమైనా ఆమె మీద పడిన పేరు మాయం కాదు కదా, అనుకుని ఊరుకున్నాను. ఎంత మంచి సాకు దొరికిందో చూడండి. తీసేయకపోవడానికి కూడా ఆమెనే అడ్డం పెట్టుకున్నాను.

మొన్న ఫిల్మ్‌నగర్‌లో టీకొట్టు దగ్గర కనిపించింది. ఏదో టీవీ సీరియల్‌కి పని చేస్తోందట. ‘బాగున్నరా సార్’ అని తనే పలకరించింది. కొత్త కథలేమైనా చెబుతున్నావా అని అడిగాను. ఎందుకడిగానో, సిగ్గులేని నోరు. నవ్వింది.

“చెప్తలేను సార్. మా అత్త కూడ పోయింది. ఒక్కోపారి నాకే డౌటొస్తది. గా బుక్కు నేనే ముందు యాడనో చదివి, మా అత్తది అనుకున్ననేమో అని.”

చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. కథ పోయింది, సినిమా పోయింది, పేరు పోయింది, వాటికి ఎలాగో అలవాటు పడి బతుకుతోంది. సొంత మేనత్తను, కళ్లతో చూసిన స్లేటును కూడా ఆమె దగ్గర్నుంచి ఎత్తుకొచ్చేశానా నేను? అక్కడే, రోడ్డు పక్కన, స్టూడియో వ్యాన్లు పోతుంటే చెప్పేశాను. ఆ పుస్తకం నాదమ్మా. నేనే రాశాను. నీ దగ్గర విని. గుర్తుండే లేదన్నాను. మీ అత్త స్లేటు నిజం.

ఆమె మొహంలో కోపం ముందు రాలేదు. ‘అంటే నేను చదువలే,’ అంది మెల్లగా, తనలో తనే. ‘మా అత్తదే.’ తర్వాత నా వైపు చూసింది. చెప్పుకు అంటుకున్నదాన్ని చూసినట్టు చూసింది. అలా చూడవలసిందే. చేతులు జోడించబోయాను.

“అవన్ని ఒద్దు సార్. నోటి మాట నమ్మే గిట్లయింది నాకు. రాయుండ్రి. యాడ రాసిన్రో గాడ్నే రాయుండ్రి, నన్ను దొంగ అన్నోళ్లు చదవాలె. మీ పేరు పెట్టి రాయుండ్రి.”

క్షమిస్తానని అనలేదు. నేనూ అడగలేదు. టీ సగంలో వదిలేసి ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. కథ తీసేశాను, అది ఆమెది, ఆమెకు ఇష్టమైనచోట ఆమె చెప్పుకుంటుంది. ఈ పుస్తకంలో నా సొంతమని చెప్పుకోదగ్గవి ఈ నాలుగు పేజీలే మిగిలాయి. హక్కులు మీవేనా అన్న ప్రశ్న మళ్లీ వచ్చింది. చదివాను. అవును, ఇది నాదే. ఈ కుళ్లంతా నాదే. టిక్కు పెట్టాను. కాస్త తేలికపడ్డాను. మంచివాణ్ణయిపోయానని కాదు. దాచుకోవడానికి ఇంకేమీ లేదు, అంతే.

ఇంకో గడి మిగిలింది. రచయిత పేరు. ఆ ఆడపేరు చెరిపేసి, పొద్దున్నుంచీ ఆ గడి ముందే కూర్చున్నాను. ఖాళీగా వదిలి నొక్కితే ముందుకు పోనివ్వడం లేదు, పేరు తప్పనిసరి అని ఎర్రగా చూపిస్తోంది. ఇంకో దొంగపేరు పెట్టుకోవచ్చు. ఎవరూ అడగరు. ఈ పద్ధతిలో ఎవరూ ఏమీ అడగరు. మా ఆవిడ చూస్తుంది, ఆఫీసులో చూస్తారు, ఫిల్మ్‌నగర్ అంతా చూస్తుంది.

ఇది మీ దాకా వచ్చిందంటే ఆ గడి నింపానన్నమాట. ఒకసారి వెనక్కి వెళ్లి అట్ట చూడండి. అక్కడున్నది మా నాన్న పెట్టిన పేరు.