కుండ మునసబు నోటికి తాళం

ఓదాతె ఊళ్లో కిసబురో అసలు పేరు సగం మందికి తెలియదు. కుండ మునసబు అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. మధ్యలో నాబే కుండ ఉడుకుతుంటే, చుట్టూ కూర్చున్నవాళ్ల మీద పెత్తనం చేసే మనిషికి మా జపాన్‌లో ఇచ్చే బిరుదు అది.

ముప్ఫై ఎనిమిదేళ్లు రైళ్లకు సిగ్నల్ ఇచ్చిన చెయ్యి, రిటైరయ్యాక కుండ మీద పడింది. "ముందు కోడి! నురగ తియ్యండి! అన్నం దంచి కాల్చిన కడ్డీలు అప్పుడే వద్దు, విడిపోతాయి! సెరి ఆకు ఆఖర్న, వేళ్లతో సహా, రుచంతా అక్కడే!" ఆయన ఊ అనేదాకా ఎవరూ తినే పుల్లలు కుండలో ముంచకూడదు.

పోయినేడు కొత్తబియ్యం విందుకి, పేట పెద్ద నరితా భార్య కియో కొత్తిమీరలాంటి ఆ సెరిని వేళ్లు కోసేసి తెచ్చింది. "ఇది మనుషులకా, పశువులకా?" అనేశాడు కిసబురో నలుగురిలో. పాపం, ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికి వెళ్లిపోయింది.

ఈ ఏడు నరితా ముందే గడప దగ్గరికొచ్చి చెప్పాడు. "బాబాయ్, రండి. కానీ కుండ దగ్గర ఒక్క మాట మాట్లాడారో, వచ్చే ఏడాది పిలుపు లేదు."

రిటైరైన మనిషిని ఎవరైనా పిలిచేది ఏడాదికి ఆ ఒక్కరోజే. కిసబురో బుద్ధిగా తలూపాడు.

విందులో ఆయన పెదాలు బిగించి కూర్చున్నాడు. నోరు జారితే తొడ గిల్లడానికి భార్య తోమియే పక్కనే కాపలా. పులుసు తెర్లుతోంది. అలవాటుకొద్దీ అందరూ ఆయన వైపే చూశారు. ఆయన పైకప్పు వైపు చూశాడు. చూసి చూసి, నరితా అన్నం కడ్డీలన్నీ ఒక్కసారే కుమ్మరించేశాడు. కోడి ఇంకా పచ్చిగానే ఉంది! కిసబురో గొంతులోంచి కుక్కర్ ఈల లాంటిదేదో వచ్చింది. తోమియే గిల్లింది. కడ్డీలు కళ్లముందే కరిగి జావైపోయాయి.

అప్పుడు కియో బుట్ట తెచ్చింది. సెరి ఆకు. పొడవాటి తెల్లని వేళ్లతో సహా, ఒక్క మట్టి రేణువు లేదు. ఆ చల్లనీళ్లలో ఎంతసేపు కడిగిందో, ఆమె చేతివేళ్ల కొసలు ఎర్రగా కందిపోయాయి. ఆ చేతులు చూడగానే కిసబురోకి సిగ్గేసింది. తోమియే మళ్లీ గిల్లింది. లాభం లేకపోయింది.

"ఎంత బాగా కడిగావమ్మా! పోయినేడు నేనన్నది తప్పు. క్షమించు."

వచ్చే ఏడాది విందు పోయిందని ఆయనకి తెలుసు. నరితా ఏదో అనబోయాడు.

కియో మొగుడి వైపు ఒక్క చూపు చూసి, బుట్ట కిసబురో ముందు పెట్టింది. "ఇప్పుడు వేయనా, బాబాయ్ గారూ?"

కిసబురో కుండలోకి తొంగిచూశాడు.

"ఈ జావలోనా? వద్దమ్మా. మీ ఆయన్ని ఇంకో కుండ తెమ్మను."

నరితా లేచి వెళ్లి తెచ్చాడు.