నా పేరొక్కటే ఖాళీగా ఉంది

మా చిన్నప్పుడు బీరంగూడ కమాన్ దగ్గర ఒక నెట్ సెంటర్ ఉండేది... మెట్ల కింద ఇరుకు గది, ఒకటే ఫ్యాను. పదో తరగతి పరీక్షలు అయిపోగానే నా దోస్తు శ్రావణి నన్ను అక్కడికి లాక్కెళ్లింది.

"క్లాసుల అందరికీ నెట్ల అకౌంట్ ఉంది, నీకే లేదు. ఇయ్యాల తెరుద్దాం దా!" అంది.

నా అసలు పేరు పెంటమ్మ.

బళ్లో హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు రాగానే వెనక బెంచీల్లో ముక్కులు మూసుకునేవాళ్లు. అందుకే నేనెప్పుడూ గట్టిగా పలకలేదు. అకౌంట్‌లో మాత్రం నచ్చిన పేరు పెట్టుకోవచ్చని శ్రావణి చెప్పినప్పుడు ఎంత సంబరపడ్డానో... దారంతా పేర్లు ఏరుకుంటూనే నడిచాను.

తీరా అక్కడ కూర్చుంటే... మేఘన అని కొట్టాం, ఎవరో ముందే పెట్టేసుకున్నారు. వెన్నెల... అదీ పోయింది. స్వీటీ, ప్రిన్సెస్, ఏంజెల్... ఏది కొట్టినా ఎర్ర అక్షరాలే.

విసుగొచ్చి శ్రావణి నా పేరే ఇంగ్లీషులో కొట్టింది. పక్కన పచ్చ టిక్కు పడింది.

"అగో! గిది ఖాళీగుందే! దునియాల ఎవ్వరూ పెట్టుకోలే!" అని అరిచింది.

పాపం, దాని మనసులో ఏం లేదు. కానీ పక్క కంప్యూటర్ దగ్గరున్న అబ్బాయిలు మెడలు సాచి చూశారు. ఒకడు ఆ పేరు పైకి చదివాడు. ఇక నవ్వులే నవ్వులు... నెట్ సెంటర్ అన్న కూడా మొహం అటు తిప్పుకుని నవ్వాడు. లేచి బయటికి పరుగెత్తాను. చెప్పులు సరిగ్గా తొడుక్కున్నానో లేదో కూడా గుర్తు లేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని అమ్మది... అప్పుడే షిఫ్టు దిగి వచ్చింది.

"నాకు గిట్లాంటి పేరెందుకు పెట్టినవమ్మా?" అని వెక్కి వెక్కి ఏడ్చాను.

అమ్మ చేట పక్కన పెట్టింది.

"నీకంటె ముందు ఇద్దరు పోయిన్రు బిడ్డా. ఒకడు పురిట్లనే... ఒకామె పాలు తాగుకుంటనే. నువ్వు పుట్టంగనే మీ నాయనమ్మ నిన్ను చాటల ఏసుకపోయి పెంటకుప్ప మీద పండవెట్టింది. పారేసిన పిల్లను సావు గూడ ముట్టదంటరు. మల్ల ఎత్తుకొచ్చి గా పేరు పెట్టింది. నేను వద్దనలే... నువ్వు బతికితే సాలనుకున్న."

చీరకొంగుతో నా మొహం తుడిచింది.

"సిగ్గయితుంటే మార్చుకో. బతికినవ్ గద... ఇగ గా పేరుతోని పనేముంది?"

అంత మాట చెప్పింది అమ్మ. నాకు మాత్రం అందులో 'మార్చుకో' అన్నదొక్కటే వినిపించింది.

మర్నాడే మేఘన వెనకాల క్యూటీ అని తగిలించి, మధ్యలో ఒక గీత పెట్టి అకౌంట్ తెరిచాను. సాయంత్రం అమ్మ అడిగింది, ఏం పేరు పెట్టుకున్నానని. చెప్పాను. గంజి వారుస్తూ తనలో తనే "మేగ్నా... మేగ్నా..." అనుకుంది. నోరు తిరగలేదు. "మంచిగుంది" అంది.

ఆ ఎండాకాలమే సంగారెడ్డిలో మా మేనత్త ఇంటికి బయల్దేరాం. పటాన్‌చెరు బస్టాండు... షిఫ్టులు వదిలే వేళ, ఇసుక వేస్తే రాలనంత జనం. చెరుకురసం బండి దగ్గర శ్రావణి, ఇంకొందరు మా క్లాసు అమ్మాయిలు కనిపిస్తే అక్కడ నిలబడిపోయాను. ఇంతలో బస్సొచ్చింది. అమ్మ జనాన్ని తోసుకుని ఎక్కి, నాకు సీటు ఆపి, కిటికీలోంచి పిలిచింది.

"మేగ్నా! ఓ మేగ్నా!"

విన్నాను. ఎవరో ఎవరినో పిలుస్తున్నారనుకున్నాను. అది నన్నేనని నాకు తట్టలేదు... ఆ పేరుతో నన్ను నోరారా పిలిచినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు.

బస్సు కదిలింది.

"పెంటమ్మా! ఓ పెంటమ్మా! జల్దీ రా బిడ్డా, బస్సు పోతుంది!"

బస్టాండు బస్టాండంతా తిరిగి చూసింది. ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మకు అప్పుడు తెలిసింది తనేమన్నదో. చటుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది... నోటి వెంట బూతుమాట జారినట్టు. కళ్లు నా వైపు కాదు, నా దోస్తుల వైపు చూస్తున్నాయి.

పరుగెత్తి ఎక్కి అమ్మ పక్కన కూర్చున్నాను. బస్సు ఇస్నాపూర్ దాటింది.

"మర్చిపోయిన బిడ్డా..." అంది మెల్లగా. "నీ దోస్తుల ముంగట అన్న. ఏమనుకోకు."

నన్ను బతికించుకోవడానికి పెట్టుకున్న పేరు అది. ఆ పేరుతో పిలిచినందుకు నన్నే మాఫీ అడుగుతోంది. తల ఎత్తలేకపోయాను. ఒళ్లో ఉన్న అరటిపండ్ల సంచి వైపే చూస్తూ సంగారెడ్డి దాకా వెళ్లాను.

ఆ రోజు నుంచి అమ్మ నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. ఉత్త "బిడ్డా" అంటుంది, అంతే.

మొన్న ఆదివారం అమ్మ తలకు నూనె రాస్తూ అడిగాను... "అమ్మా, ఒక్కసారి పెంటమ్మా అని పిలువరాదే" అని.

నవ్వేసింది. "ఇంత పెద్దదానివైనవ్. అల్లుడు వింటె ఏం బాగుంటది? ఊకో" అంది.

అల్లుడు ఇంట్లో లేడు. అయినా పిలవలేదు.

ఇప్పుడు మా ఊళ్లో కాన్పులన్నీ దవాఖానలోనే... పుట్టిన పిల్లలు బతుకుతున్నారు. ఏ తల్లీ పసిగుడ్డును పెంటకుప్ప మీద పడుకోబెట్టాల్సిన పని లేదు. ఎంతో మంచి మార్పు, కాదనను. పిల్లలకు అందరూ ఫోన్లలో వెతికి పేర్లు పెడుతున్నారు... అన్నీ అందమైనవే.

మీ ఇంట్లో కూడా ఒక పెంటయ్యో, పెంటమ్మో ఉండే ఉంటారు. ఆ పేరు ఎందుకు పెట్టారో ఎప్పుడైనా అడిగారా? అడిగి ఉంటే చెప్పండి... అడగకపోతే, చెప్పేవాళ్లు ఉన్నప్పుడే అడగండి.