వీరాసామి కోటకు మెట్లు

పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళు కట్టిన కోటను ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని నేలమట్టం చేశారని బడిలో చెప్పారు. నేను బడిలో చెవి పెట్టి విన్న కొద్ది పాఠాల్లో అదొకటి. మా తాత ఆర్. వీరాసామి కట్టిన కోటను మాత్రం ఈ భూమ్మీద ఏ సైన్యమూ పట్టుకోలేకపోయింది. పదకొండేళ్ళు. బెంగళూరు నుంచి ప్రయత్నించారు, విజయవాడ నుంచి ప్రయత్నించారు, ఒకాయన జర్మనీలో కూర్చుని ప్రయత్నించాడు. గడప దాటినవాడు లేడు. తయారు చేసినవాడు తప్ప ఇంకో మనిషి నడపలేని సాఫ్ట్‌వేర్ లోకంలో ఒకటుందంటే అది మాదే. పుదుచ్చేరి రెడ్డియార్‌పాళయంలో, మా మేడ మీది గదిలో ఉంది.

దాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల చూడవచ్చు, బాగుచేయవచ్చు అని దాని అర్థం. తలుపు తెరిచి పెట్టడమన్నమాట. తాత తలుపు తెరిచే పెట్టాడు. మెట్లు కట్టడం మాత్రం మరిచిపోయాడు. మరిచిపోయాడని నేను మర్యాదకు అంటున్నాను.

అది చేసే పని ఏమిటంటే, మాలాంటి తెలుగువాళ్ళు ఈ ఊళ్ళో తరతరాలుగా ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. రాయాల్సి వస్తే తమిళ అక్షరాల్లో రాస్తాం, నేర్చుకున్నవి అవే కనుక. అవ్వల పాటలు, ఊరగాయ కొలతలు, ఉత్తరాలు అన్నీ అలాగే ఉంటాయి. తమిళంలో ప, బ రెండింటికీ ఒకే అక్షరం. బండి అని రాయాలన్నా పండి అనే రాయాలి. తాత సాఫ్ట్‌వేర్ ఆ రాతను తెలుగు అక్షరాల్లోకి మారుస్తుంది. ఏ మాట ఏదో తేల్చుకోవడానికి దానికి నలభై వేల మాటల పట్టీ ఒకటుంది. తాత సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి, ముసలమ్మలను విసిగించి పోగుచేసినది. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది కూడా ఆ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చునే. కాబట్టి ఇందులో తప్పులుంటే దాన్ని తిట్టండి.

తాతకు ఈ గుణం ఎక్కడ అబ్బిందో చెప్పాలి. ఆయన ఈ ఊళ్ళోనే తట్టాంచావడిలో ఒక పంపుల వర్క్‌షాపులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. కంప్యూటర్‌తో నడిచే లేతు మిషను అక్కడికి మొదటిసారి వచ్చినప్పుడు మిగతావాళ్ళు భయపడి దూరం జరిగారు. తాత దాని పుస్తకం ఇంటికి తెచ్చుకుని నాలుగు నెలల్లో నేర్చాడు. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. ఆ తర్వాత ఆ పుస్తకాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన లీవు పెడితే మిషను కూడా లీవు. జ్వరంతో పడుకుంటే ఓనరు ఇంటికి ఆటో పంపేవాడు. ఈ ఆటో కథ మేము చిన్నప్పటి నుంచి వింటున్నాం. దాన్ని ఆయన గౌరవం అనుకున్నాడు. మేమూ అలాగే అనుకోవాలని ఆయన కోరిక.

ఆయన చెప్పని సంగతి మా అవ్వ వసంతమ్మ చెప్పింది. తాత రిటైరైన రెండు నెలలకు, నడిపే దిక్కులేక, ఆ మిషన్ను పాత ఇనుము కింద అమ్మేశారట.

పోయిన ఏడు తాతకు ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను కూడా రెండేళ్ళకు మించి నమ్మవద్దని డాక్టరు చెప్పింది. అప్పుడు గాని ఆయనకు తెలియలేదు, తాను కూర్చోలేని రోజున ఆ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చునేందుకు ఒక్క మనిషి కూడా లేడని. ఈ పని చూసుకోవడానికి మనిషి కావాలని ఇంటర్నెట్‌లో దాని ప్రాజెక్టు పేజీలో పెట్టాడు. ముగ్గురు వచ్చారు. ముగ్గురూ పోయారు.

పోక ఏం చేస్తారు? దాన్ని ఇన్‌స్టాల్ చేయడానికి తాత ఇరవై రెండు మెట్ల కాగితం ఒకటి రాసి పెట్టాడు. ఎలా రాశాడంటే, తనకు అలవాటైనట్టు, తెలుగును తమిళ అక్షరాల్లో. కడలూరు తమిళ అబ్బాయి దాన్ని గడగడా పైకి చదివాడు, ఒక్క మాట అర్థం కాలేదు. విజయవాడ అతనికి అర్థమయ్యేదే, కానీ అక్షరాలు రావు. ఆ కాగితం చదవాలంటే దాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చాలి. మార్చాలంటే సాఫ్ట్‌వేర్ కావాలి. సాఫ్ట్‌వేర్ కావాలంటే ఆ కాగితం చదవాలి. నేను ఈ ముడి విప్పి చెబితే తాత, చదవలేనివాళ్ళకు ఇక్కడ ఏం పని అన్నాడు.

నాలుగో మనిషి అర్చిత. తిరుపతిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళ అవ్వ మన పక్కనున్న మూలకుళం పిల్లే, తమిళ అక్షరాల్లో రాసిన ఒక పాటల నోటుబుక్కు వదిలిపోయిందట. ఆ పిల్ల చాలా మర్యాదగా రాసింది: నెలాఖరు శనివారం నాకు సెలవు, ఆ ఒక్క రోజు కూర్చుంటాను, నడిస్తే ఈ పని నేను చూసుకుంటాను, నడవకపోతే మన్నించండి. నేను చదివి వినిపించాను. ఒక్క రోజులో తన పదకొండేళ్ళ పని లోపలికి వచ్చేస్తుందా అని తాత మూతి తిప్పాడు.

ఆ శనివారానికి మూడు వారాలుంది. నా పాత ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. దానికి తాత సాఫ్ట్‌వేర్ సంగతి ఏమీ తెలియదు, నాలాగే. నేను కాగితంలో ఉన్నట్టే చేస్తాను, నువ్వు పక్కన నోరు మూసుకుని కూర్చో, నోరు తెరిస్తే నువ్వన్నది రాసుకుంటాను అన్నాను.

"డిప్లొమానే ముగించలేదు నువ్వు," అన్నాడు. "దీన్ని ముగిస్తావా?"

రెండో మెట్టులోనే నోరు తెరిచాడు. అది కొత్త వర్షన్ వద్దు, పాతది వేసుకో అన్నాడు. కాగితంలో ఎక్కడుంది అని అడిగితే, అందరికీ తెలిసిందే కదా అన్నాడు. అందరూ అంటే ఎవరెవరు అని అడిగి, అదీ రాసుకున్నాను. తొమ్మిదో మెట్టులో ఎర్రర్ వచ్చింది. చూస్తే, సాఫ్ట్‌వేర్ నా ల్యాప్‌టాప్‌లో వీరాసామి అనే ఫోల్డర్ కోసం వెతుకుతోంది. తాత కంప్యూటర్‌లో ఆయన పేరుతో ఫోల్డర్ ఉంది కనుక, లోకంలో అందరి కంప్యూటర్లలోనూ ఉంటుందని ఆయన నమ్మకం.

"నీ దాంట్లో కూడా ఆ పేరు పెట్టుకో, ఏమయితాది?" అన్నాడు, నవ్వకుండా.

మధ్యాహ్నం అన్నానికి లేచేసరికి ఆయన నోరు పదిహేడుసార్లు తెరుచుకుంది. పద్నాలుగో మెట్టులో అంతా ఆగిపోయింది. మాటల పట్టీ దొరకలేదు. యాడుంది తాతా అని అడిగాను. నా దాంట్లో ఉంది అన్నాడు. ఇంకెక్కడ ఉంది అని అడిగాను.

ఇంకెక్కడా లేదు. నలభై వేల మాటలు, పదకొండేళ్ళ తిరుగుడు, గ్రైండర్‌లాగా చప్పుడు చేసే ఆ ఒక్క పాత కంప్యూటర్ డబ్బాలో ఉన్నాయి. మిగతాదంతా లోకానికి ఇచ్చి, ఈ ఒక్కటి మాత్రం ఆయన బయట పెట్టలేదు. పెద్ద ఫైలు, ఎక్కించేది కష్టం అని ఏదో చెప్పబోయాడు.

"అదీ ఇచ్చేస్తే," అన్నాడు చివరికి, "నన్నెవరే అడగతారు?"

"ఇప్పుడు మాత్రం ఎవరడగతా ఉండారు తాతా?"

ఆయన లేచి కిందికి పోయాడు. తప్పుగా అన్నానేమో అనుకున్నాను, కాసేపే. అరగంటకు మళ్ళీ మెట్లెక్కి వచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"ఆ మిషన్ని తూకానికేసినారు, తెలుసునా నీకు?" అన్నాడు. తెలుసని నేను చెప్పలేదు. "ఊఁ, రాసుకో. మొదటి నుంచి చెప్తా."

తర్వాతి మూడు వారాలు మా ఇంట్లో యుద్ధమే. పట్టీని ప్రాజెక్టు పేజీలోకి ఎక్కించాం. వీరాసామి ఫోల్డర్ పీకేశాం. కాగితం తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో వేరువేరుగా రాశాం. ఇరవై రెండు మెట్లు తొమ్మిదయ్యాయి, తొమ్మిది నాలుగయ్యాయి. ఆఖరికి అన్నిటినీ ఒక్క కమాండ్ కింద పెడదామంటే తాతకు నిజంగా కోపం వచ్చింది. ఒక్క కమాండ్‌తో వచ్చేదానికి మర్యాద యాడుంటుంది అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆ కమాండ్‌ను ఆయనే రాశాడు, నాకంటే బాగా. ఒంటి కన్నుతో, అక్షరాలు బొప్పాయికాయలంత పెద్దవి చేసుకుని.

శనివారం వచ్చింది. తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే ఫోను ముందు కూర్చున్నాడు. ఆ పిల్ల ఎక్కడో ఒకచోట చిక్కుకుంటుంది, ఫోను చేస్తుంది, అప్పుడు తాను గొంతు సవరించుకుని చెప్పాలి. ఆయన లెక్క అది. ఆటో వస్తుందని కాచుకున్నట్టుంది. పది గంటలకు అర్చిత మొదలుపెట్టింది. పది దాటి పదకొండు నిమిషాలకు నడిచిందని మెసేజ్ వచ్చింది. ఫోను రాలేదు.

"ఒక్క డౌటు కూడా లేదా దానికి?" అన్నాడు. అంత అవమానం ఆయనకు ఓనరు కూడా చేసి ఉండడు.

సాయంత్రానికి ఆ పిల్ల వాళ్ళ అవ్వ నోటుబుక్కులోని మొదటి పాటను తెలుగు అక్షరాల్లో పంపింది. కింద ఒక ముక్క రాసింది. పట్టీలో ఒక మాట తప్పుగా ఉందని, తాను సరిచేశానని, ఒకసారి చూడమని. తాత నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. పదకొండేళ్ళలో బయటివాళ్ళు ఒకరు ఆయన పనిలో చెయ్యి పెట్టడం అదే మొదలు. సరి అనే మాట ఆయన నోట రాదు. తప్పు కాదు అన్నాడు. ఆ వెంటనే ప్రాజెక్టులో తనకెంత అధికారం ఉందో అంతా అర్చితకూ ఇమ్మన్నాడు. నేను ఇచ్చేదాకా పక్కనే నిలబడ్డాడు.

ఇదంతా రాసి నిన్న ఆయనకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. కోట మాట వచ్చిన చోట నవ్వాడనుకుంటాను, ఒప్పుకోడు. ఎట్లుంది తాతా అని అడిగాను.

"ఇంత రాసినావు," అన్నాడు. "దాన్ని ఇన్‌స్టాల్ చేసేది ఎట్లనో యాడా రాయలేదే. పో, రాసుకొని రా."