వసంతంలో కొట్టిన వెదురు

మా వాగు ఒడ్డున ఉప్పు బావులు తొలిచే ఇళ్ళలో మోకులు పేనేది ఆడవాళ్ళే. కువాంగ్ సూ పేనిన మోకు తెగిందన్న మాట ఆ ఏడాది వరకు ఎవరూ వినలేదు.

వాళ్ళ బావిని తొలవడం మొదలుపెట్టింది ఆమె మామగారు. దాని నోరు గిన్నె కంటే వెడల్పు ఉండదు. మనుషులు ఏతంలాంటి పలక మీదికి ఎగిరి దిగుతుంటే మోకు చివరి ఇనుప ఉలి లేచి పడి అడుగున రాయిని పొడుస్తుంది. ముసలాయన మంచం పట్టాక, పైకి తీసిన బురదను నాలుక మీద పెట్టించుకుని నవ్వాడు. ఉప్పు తగిలింది.

ఆయన చలికాలంలో పోయాడు. చావు జరిగిన ఇంటివాళ్ళు ఆ కాలమంతా కొండ మీద వెదురుకు కత్తి పెట్టరు. మోకుకు పనికొచ్చేదేమో చలికాలపు వెదురే. వసంతంలో కొడితే పసరు ఉంటుంది, పురుగు పడుతుంది. పాత మోకు పీచులు లేచి పాడైపోయింది. ఉలి ఒక కాలమంతా ఆగితే బావి ఆ నేల యజమానిదైపోతుంది. సూ వసంతంలో వెదురు కొట్టి, బద్దలు ఉడకబెట్టి, రెండు మోకులు పేనింది. వెదురు ఎక్కడిదని భర్త తెంగ్ బో అడిగితే, పుట్టింటివాళ్ళు చలికాలంలో కొట్టి దాచిందని చెప్పింది.

వేసవి చివర మొదటి మోకు తెగి ఉలి అడుగున పడిపోయింది. శరత్కాలమంతా బో రెండో మోకుకు కొక్కేలు కట్టి బావిలోకి దించుతూనే ఉన్నాడు. యజమాని మనిషి పాన్ రోజూ వచ్చి గట్టు మీద కూర్చునేవాడు.

"ఏం బో, ఇవాళైనా చేప పడిందా? పులుసు పెట్టించమంటావా?"

గడువు చివరి రోజు పొద్దు వాలుతుండగా కొక్కెం ఉలిని పట్టింది. బో గేదెను మోకు చుట్టే రాట్నానికి కట్టబోయాడు. సూ అడ్డం వచ్చింది.

"ఆగయ్యా. ఇది చలికాలపు వెదురు కాదు. వసంతంలో నేనే కొట్టాను."

బో ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత కొండ మీది పొద్దు వైపు చూశాడు.

"ఇంకో మోకు ఉందా?"

"లేదు."

"అయితే దీన్నే లాగుదాం. చేతులతో, మెల్లగా."

ఇద్దరూ లాగారు. ఉలి బరువు చేతికి తెలుస్తూనే ఉంది. మోకు పైకి వచ్చేకొద్దీ సూ అరచేతుల్లో పసుప్పచ్చని పొడి అంటుకుంది. అది పురుగు తిన్న పొడి అని ఆమెకు తెలుసు. ఆపలేదు. చేతుల్లో మోకు ఒక్కసారిగా తేలికైపోయి ఇద్దరూ వెనక్కి పడ్డారు.

పొద్దు గుంకగానే పాన్ గట్టు దిగి వచ్చాడు. బావి నోటి మీద బండ పెట్టించి వెళ్ళిపోయాడు.

బో ఇప్పుడు ఎవరి బావి దగ్గరో పలక మీద ఎగురుతున్నాడు. సూ వాళ్ళకే మోకులు పేనుతుంది. బద్ద తెచ్చినవాళ్ళను ఎప్పుడు కొట్టారో అడగదు. ఒక్కొక్కటి విరిచి చూసుకుంటుంది. పాత బావి పక్కన పోసిన బురదను మేకలు వచ్చి నాకుతుంటాయి. ఆమె వాటిని తోలదు.